కీమ్యాన్‌కి ఏ గుర్తింపు మేలు: ఢిల్లీ పురస్కారమా, నెల అవార్డా, ప్రాణరక్షణ పతకమా?

మా నాన్న కీమ్యాన్, అంటే పట్టాల వెంట నడుస్తూ వాటి బాగోగులు చూసే రైల్వే ఉద్యోగి. మంగళగిరి, నంబూరు మధ్య పట్టాల వెంట రోజూ నడిచేవారు. భుజాన సుత్తి, స్పానర్, చేతిలో ఎర్రజెండా, సంచిలో డిటోనేటర్లు (పట్టా మీద పెడితే బండి ఎక్కగానే పేలి డ్రైవర్‌ని హెచ్చరించే టపాసుల్లాంటివి). ఒక జనవరి తెల్లవారుజామున వెల్డింగ్ దగ్గర పట్టా విరిగి ఉండటం చూశారు. చలికి పట్టా కుంచించుకుపోతుంది, అతుకు బలహీనంగా ఉంటే అక్కడే తెగుతుంది. బండి వచ్చే వైపు పరుగెత్తారు. 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటర్, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టి బండి ఆపించారు. ఆ నెలాఖరుకే పిలిచి నెల అవార్డు కింద సర్టిఫికెట్, కొద్దిగా నగదు ఇచ్చారు. ఆ కాగితం సత్యనారాయణపురంలో మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉంది.

మొన్న మా వీధిలో ఉండే ట్రాక్ మెయింటెయినర్ కుర్రాడు అడిగాడు: "అన్నా, వారోత్సవాల అవార్డుకి పేరు పెట్టించుకోనా, నెల అవార్డు వస్తే చాలా?" వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకి తొలి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ రోజుకి గుర్తుగానే రైల్వే వారోత్సవాలు. డివిజన్‌లో, జోన్‌లో అవార్డులు ఇస్తారు. అన్నిటికంటే పైన రైల్వే మంత్రి చేతుల మీదుగా ఇచ్చే అతి విశిష్ట రైల్ సేవా పురస్కారం ఉంటుంది. నేను ఢిల్లీ పురస్కారం అన్నది దీన్నే. దాదాపు 12 లక్షల మంది ఉద్యోగుల్లో ఏటా అందుకునేది సుమారు వంద మంది. లోకో షెడ్డులోనో, రాయనపాడు వర్క్‌షాపులోనో ఏళ్ల తరబడి శ్రమపడి ఒక పనిని మెరుగుపరిచినవాళ్లకి ఇదే తగిన గౌరవం. వాళ్ల కష్టం ఒక్క రోజులో కనపడదు, నెల అవార్డుకి అందదు.

కానీ దీనికి ఫైలు కదలాలి. పై అధికారి పేరు పంపాలి, చేసిన పని గురించి బాగా రాయాలి. రాత్రిపూట లైన్ మీద ఒంటరిగా నడిచేవాడి పని చూసేదెవరు, రాసేదెవరు? నాన్న పేరు ఒకసారి పంపారు. కాగితాలు సరిగా లేవని తిప్పి పంపేశారు. ఆ తర్వాత మళ్లీ ఎవరూ పట్టించుకోలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

ఇక దేశం ఇచ్చే గౌరవాలు. పద్మ పురస్కారాలకి డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప సర్వీసులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు అర్హులు కారు. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లకి పోలీసు పతకాలున్నాయి. కీమ్యాన్‌కి, స్టేషన్లో బండ్ల దారి మళ్లించే పాయింట్లు చూసే పాయింట్స్‌మన్‌కి మిగిలింది 1961లో మొదలైన జీవన్ రక్షా పతకం. సర్వోత్తమ, ఉత్తమ, ఆ తర్వాత మామూలు పతకం అని మూడు స్థాయిలు. వాటితో పాటు వరుసగా 2 లక్షలు, లక్షన్నర, లక్ష రూపాయలు ఇస్తారు. పతకం మీద అభయహస్తం ఉంటుంది. ఎంత అందమైన గుర్తో! అయితే ఇది నీళ్లలోంచో మంటల్లోంచో ఎదుటి మనిషిని కాపాడినవాడికి. విరిగిన పట్టా చూసి బండి ఆపితే వందల మంది బతుకుతారు, కానీ నేను కాపాడింది వీళ్లనే అని చూపించడానికి ఒక్క మొహం కూడా ఉండదు.

2021 ఏప్రిల్‌లో ముంబై దగ్గర వాంగణి స్టేషన్‌లో పాయింట్స్‌మన్ మయూర్ షెల్కే పట్టాల మీద పడ్డ పసివాణ్ణి రైలుకి ఎదురు పరుగెత్తి కాపాడాడు. రైల్వే వెంటనే 50 వేలు ప్రకటించింది. అందులో సగం ఆ బిడ్డకే ఇస్తానన్నాడాయన. కెమెరాలో పడింది కాబట్టి దేశమంతా చూసింది. మన కీమ్యాన్ నడిచే చోట కెమెరా ఉండదు.

అందుకే లైన్ మీద పనిచేసేవాళ్లకి నెల అవార్డే మేలంటాను. పని జరిగిన కొన్నాళ్లకే వస్తుంది. ఏ కిలోమీటరు దగ్గర ఏం చేశావో పేరు పెట్టి చెబుతుంది. తోటివాళ్ల ముందు ఇస్తారు. ఒక్కటే లోటు, అది గోడకే పరిమితం. సోవియట్ యూనియన్‌లో 1934లోనే 'గౌరవ రైల్వే కార్మికుడు' బ్యాడ్జీ పెట్టారు. దాన్ని యూనిఫామ్ మీదే పెట్టుకునేవారు. మన నెల అవార్డుతో కూడా చొక్కాకి పెట్టుకునే చిన్న బ్యాడ్జీ ఇస్తే బాగుంటుంది.

కుర్రాడికి చివరగా ఇంకో మాట చెప్పాను. జేబులో చిన్న డైరీ పెట్టుకో. ఏదైనా చూస్తే తేదీ, టైము, కిలోమీటరు నంబరు, ఆపిన బండి నంబరు అప్పటికప్పుడే రాసుకో. సాయంత్రంలోగా దాని కాపీ మీ పీడబ్ల్యూఐ (పట్టాల పని చూసే ఇన్‌స్పెక్టర్) గారికి ఇచ్చి సంతకం తీసుకో. నాన్న దగ్గర ఆ కాగితమే లేకపోయింది.