ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు దిద్దడానికి ఏ లైబ్రరీ మంచిది? చిత్తూరు లెక్కల ఆఫీసు నుంచి ఒక సమీక్ష

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు లెక్కలు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. తోతాపురి సీజన్ వచ్చిందంటే రైతుల చెల్లింపులు, వేబ్రిడ్జి చీటీలు, లారీ బాడుగలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. వాటిని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలన్నా, అందులోంచి బయటికి తీయాలన్నా మాకు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే (ప్రతి వివరాన్నీ పేరున్న ట్యాగుల మధ్య పెట్టే టెక్స్ట్ ఫైళ్లు) దారి. ఆ ఫైళ్లను పైథాన్ స్క్రిప్టులతో దిద్దడం కొన్నేళ్లుగా నా పని. లైబ్రరీ, అంటే ఆ పనికి ముందే రాసిపెట్టిన కోడ్, ఎంచుకునేటప్పుడు అందరూ మొదట వేగం గురించి అడుగుతారు. నన్నడిగితే అది తర్వాతి సంగతి. మనం ముట్టనిదాన్ని అది కూడా ముట్టకుండా వదిలేస్తుందా అన్నదే మొదటి ప్రశ్న.

అది తెలుసుకోవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. ఫైలును చదివించి, ఏమీ మార్చకుండా వేరే పేరుతో రాయించి, రెండిటికీ డిఫ్ తీసి, అంటే ఏ లైన్లు తేడాగా ఉన్నాయో పోల్చి, చూడాలి. పైథాన్‌తో పాటే వచ్చే ఎలిమెంట్‌ట్రీతో ఈ పని చేస్తే కామెంట్లు మాయమవుతాయి. నేమ్‌స్పేస్ (ట్యాగు పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా పెట్టే గుంపు పేరు) ఉన్న ఫైలైతే ట్యాగు ముందున్న మన ప్రిఫిక్స్ పోయి ఎన్‌ఎస్‌0 అని కొత్తది పుట్టుకొస్తుంది. అన్నిటికంటే కళ్లకు కొట్టేది తెలుగు. ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) చెప్పకుండా రాయిస్తే అది తెలుగు పట్టని ఆస్కీలో రాస్తుంది కాబట్టి తిరుపతిలోని 'త' కాస్తా &#3108; అయి కూర్చుంటుంది. నియమాల ప్రకారం అది తప్పు కాదు, చదివే సాఫ్ట్‌వేర్‌కు అర్థమవుతుంది. కానీ ఆ ఫైలును తెరిచి చూసే మనిషికి టెన్షనే. తెలుగు పట్టే యూటీఎఫ్-8 అని చెప్తే సరిపోతుంది, కాకపోతే అప్పుడు ఫైలు పైన వెర్షన్, ఎన్‌కోడింగ్ చెప్పే ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్ లైను రాయదు, దాన్ని విడిగా అడగాలి.

విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే లైబ్రరీలో కామెంట్లూ ప్రిఫిక్సులూ ఎక్కడివక్కడే ఉంటాయి. ఎన్‌కోడింగ్ మాత్రం దీనికీ చెప్పాల్సిందే. ఖాళీ ట్యాగును రెండు ముక్కలుగా రాసి ఉంటే ఒక్కటిగా కుదిస్తుంది, విండోస్ లైన్ ఎండింగ్‌లను మార్చేస్తుంది. వీటితో మా సాఫ్ట్‌వేర్‌కు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇది సీ భాషలో రాసిన లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 మీద నడుస్తుంది కాబట్టి వేగం ఎలాగూ ఉంటుంది. పైగా ఎలిమెంట్‌ట్రీ పద్ధతిలోనే కట్టారు కాబట్టి అది తెలిసినవాళ్లకు దీన్ని కొత్తగా నేర్చుకునే పని పెద్దగా ఉండదు.

దీని అసలు విలువ నాకు జిల్లాలు విడిపోయినప్పుడు తెలిసింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. చంద్రగిరి, శ్రీకాళహస్తి, పాకాల వైపు పార్టీలందరి చిరునామాల్లో జిల్లా పేరు మారాలి. దామలచెరువు మండీ వాళ్లంతా పాకాల మండలం కిందికే వస్తారు కాబట్టి మాకది చిన్న పని కాదు. 'ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేస్తే పోలా' అన్నారు ఆఫీసులో. అలా కొడితే 'చిత్తూరు రోడ్డు' తిరుపతి రోడ్డవుతుంది, బ్యాంకు బ్రాంచి పేరు మారుతుంది, పాత బిల్లుల వివరణల్లో రాసినవీ మారిపోతాయి. పిన్ కోడ్ మొదటి అంకెలు చూసి వేరు చేద్దామంటే చిత్తూరు 517001, తిరుపతి 517501, రెండూ 517లే. కాబట్టి చిరునామా ట్యాగుల్లో మాత్రమే వెతకాలి, అందులో మండలం పేరు కనబడాలి, అక్కడినుంచి పైకెక్కి అది ఏ పార్టీదో చూడాలి, ఆ తర్వాతే జిల్లా మార్చాలి. ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌లో ట్యాగులను వెతికే భాష ఎక్స్‌పాత్ 1.0 మొత్తం ఉంది, ఫలానా మాట ఉన్న ట్యాగు కావాలంటే ఒక్క లైనులో దొరుకుతుంది. పేరెంట్ (దాన్ని చుట్టి ఉన్న పై ట్యాగు) ఎవరని అడిగితే చెబుతుంది. ఎలిమెంట్‌ట్రీలో ఎక్స్‌పాత్ కొద్దిగానే ఉంది. కింది ట్యాగుకు తన పేరెంట్ ఎవరో తెలియదు, ఆ పట్టిక మనమే కట్టుకోవాలి. ఆ పని ముగిశాక డిఫ్‌లో జిల్లా పేరున్న లైన్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. మా సార్ ఆ డిఫ్ చూశాకే ఇంపోర్ట్‌కు ఒప్పుకున్నారు.

బ్యూటిఫుల్ సూప్ అనే లైబ్రరీ గురించి చాలామంది అడుగుతుంటారు. వెబ్ పేజీల్లోంచి మార్కెట్ ధరలు ఏరుకోవడానికి నేనూ అదే వాడతాను, తెగిన హెచ్‌టీఎంఎల్‌ను అంత ఓపిగ్గా చదివేది ఇంకొకటి నాకు తగల్లేదు. వోచర్ ఫైళ్ల దగ్గరికి మాత్రం రానివ్వను. ఎక్స్‌ఎంఎల్ పార్సర్ (ఫైలును చదివి విడదీసే భాగం) వాడమని విడిగా చెప్పకపోతే పెద్దక్షరాల ట్యాగులన్నిటినీ చిన్నక్షరాలు చేసేస్తుంది. చెబితే వెనకాల పనిచేసేది ఎల్‌ఎక్స్‌ఎంఎల్లే. ఇక పైథాన్‌తో పాటే వచ్చే మినీడామ్: అందంగా రాయమంటే ఫైలు నిండా ఖాళీ లైన్లు. అంతకంటే చెప్పడానికేం లేదు.

అసలు లైబ్రరీ ఎందుకు, స్ట్రింగులు అతికించి రాసుకుంటే చాలదా అనేవాళ్లు మా ఊరి పార్టీల పేర్లు ఒకసారి చూడాలి. సగం పేర్లలో '& సన్స్', '& కో' ఉంటాయి. ఆ & గుర్తు ఎక్స్‌ఎంఎల్‌లో నేరుగా ఉండకూడదు. లైబ్రరీ అయితే తానే సర్దుకుంటుంది, అతికించినదైతే ఇంపోర్ట్ ఆ లైను దగ్గర ఆగిపోతుంది.

ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌తో గొడవలు లేవని కాదు. ఒక ట్యాగు మూసిన తర్వాత వచ్చే మాటలను అది ఆ ట్యాగుకే 'టెయిల్' అని తగిలిస్తుంది. ట్యాగును రిమూవ్ చేస్తే వెనకున్న మాటలూ పోతాయి. లెక్కల ఫైళ్లలో అక్కడ ఖాళీ స్థలమే ఉంటుంది కాబట్టి నాకు బాధ లేదు. తిరుపతిలో తెలుగు ఈ-పుస్తకాలు తయారుచేసే ఒక తమ్ముడు మాత్రం 'అన్నా, పేరాల మధ్యలో మాటలు ఎగిరిపోతా ఉండాయి' అని ఫోన్ చేశాడు. పనికిరాని స్పాన్ ట్యాగులను తీసేస్తున్నాడట. అలాంటి పనికి స్ట్రిప్ ట్యాగ్స్ అనే ఫంక్షన్ విడిగా ఉంది, అది ట్యాగును మాత్రమే తీసి మాటలను ఉంచుతుంది. పుస్తకాల పని చేసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది అదే.

రెండోది రికవర్ ఆప్షన్. మాకు వచ్చే ఫైళ్లలో అప్పుడప్పుడు &#4; లాంటి కోడ్‌లు దూరుతుంటాయి. ఎక్స్‌ఎంఎల్ 1.0లో అవి చెల్లవు కాబట్టి ఏ పార్సరైనా అక్కడే ఆగుతుంది. రికవర్ పెడితే ఆగకుండా ముందుకెళ్తుంది, నిజమే. కానీ ఫైలులో ఇంకెక్కడైనా ట్యాగు తెగి ఉంటే దాన్నీ తనకు తోచినట్టు సర్దేసి, నోరు మెదపదు. డబ్బుల లెక్కల్లో ఆ మౌనం నాకు పనికిరాదు. అందుకే పార్సర్‌కు ఇచ్చేముందు చెల్లని కోడ్‌లను మాత్రం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనా చెప్పి వెతికే పద్ధతి) ఏరేస్తాను, రికవర్ జోలికి పోను. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు నా దగ్గర ఉన్న పని అదొక్కటే.

ఏడాది మొత్తం లెక్కలు ఒకే ఫైలుగా వస్తే మెమరీ చాలదు. అప్పుడు ఇటర్‌పార్స్‌తో ఒక్కో వోచర్‌నూ చదివి, పనయ్యాక క్లియర్ చేసుకుంటూ పోవాలి. ఈ సౌకర్యం ఎల్‌ఎక్స్‌ఎంఎల్, ఎలిమెంట్‌ట్రీ రెండిటిలోనూ ఉంది.

కొన్ని ఫ్యాక్టరీల కంప్యూటర్లలో బయటిదేదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. అక్కడ ఎలిమెంట్‌ట్రీతోనే నెట్టుకొస్తాను. కామెంట్లు ఉంచమని దానిలో ఫైలును చెట్టులా కట్టే ట్రీబిల్డర్‌కు చెప్పడం, నేమ్‌స్పేస్ ప్రిఫిక్సులు ముందే రిజిస్టర్ చేయడం, ఎన్‌కోడింగ్ రాయడం, ఈ మూడూ చేస్తే మామూలు పనులు జరిగిపోతాయి. పైథాన్ మాత్రం 3.8 గానీ ఆ తర్వాతిది గానీ అయి ఉండాలి. అంతకుముందు వెర్షన్లలో కామెంట్లు ఉంచే ఆ వీలు లేదు, పైగా ట్యాగు లోపల రాసే ఆట్రిబ్యూట్లను అక్షర క్రమంలో తిరగరాసేస్తుంది, ఇక డిఫ్ తీసి లాభం లేదు.