ఏటికొప్పాక గిలక్కాయ: కుదురులేని పాపాయికి పనికొస్తుందా?
ఆరు నెలలు దాటి, చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే పిల్లలకు ఇది బాగా సరిపోతుంది. అంకుడు కర్ర తేలిక, లక్క పూత నున్నన. 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ప్రభుత్వమిచ్చే గుర్తు) వచ్చిన సరుకే గానీ, ఎనామిల్ పెయింట్ వాసన కొడితే మాత్రం కొనొద్దు. ఊడొచ్చే పూసలున్నదీ వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

అసలు చిక్కంతా కడగడంలోనే. మరిగే నీళ్లకు లక్క మెత్తబడుతుంది, శానిటైజర్‌కు కరుగుతుంది, నానబెడితే కర్ర ఉబ్బి పగులుతుంది. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలి, అంతే. గచ్చుకేసి బాదే గడుగ్గాయిలైతే పూత పెచ్చులూడుతుంది, రోజూ తడిమి చూడండి.

పొద్దస్తమానం చేతిలోనే ఉంచితే మోజు పోతుంది. పది నిమిషాలాడాక దాచేసి, సాయంత్రం మంచం చాటునుంచి మోగించండి. పాక్కుంటూ వెతుక్కొస్తారు.