ఆరేళ్లుగా నాతో తిరుగుతున్న చిన్న సంచి: ఏవి నిలిచాయి, ఏవి తీసేశాను

నెలకు రెండు మూడు రాత్రులైనా బస్సులోనో రైల్లోనో గడిచే ఉద్యోగం నాది. మధ్యమధ్య విమాన ప్రయాణాలూ తప్పవు. ఈ ఆరేళ్లలో పెద్ద సంచులు రెండు చిరిగిపోయాయి. రెండు అరచేతులంత ఉండే జిప్పు సంచి మాత్రం మొదటి నుంచీ అదే. అందులోకి ఎన్నో వస్తువులు వచ్చాయి, ఎన్నో పోయాయి. మిగిలినవాటిని బయటికి తీసి చూస్తే దాదాపు అన్నీ నిద్రకు సంబంధించినవే. రాత్రి నాలుగు గంటలైనా గట్టిగా నిద్రపడితే మర్నాటి పని ఎంత బరువైనా చేయగలను. అది లేనప్పుడు ఎంత మంచి సీటు దొరికినా లాభం లేదు.

అందుకే ముందు ఇయర్‌ప్లగ్గుల గురించి చెప్పాలి. ఫోముతో చేసిన మెత్తటి రకం నావి. మొదటి ఏడాది వీటిని దండగ అనుకున్నాను. పెట్టుకున్న పది నిమిషాలకే జారి దిండు మీద పడేవి. తప్పు వాటిది కాదు, పెట్టుకునే తీరుది. చేతులు కడుక్కుని, ప్లగ్గును వేళ్ల మధ్య సన్నని పుల్లలా అయ్యేదాకా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని కొంచెం పైకి, వెనక్కి లాగితే చెవి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు లోపలికి పెట్టి, అర నిమిషం పాటు వేలితో అలాగే అదిమి ఉంచాలి. ఫోము మెల్లగా ఉబ్బుతుంటే ఇంజను హోరు ఎవరో తలుపు మూసినట్టు తగ్గిపోవడం తెలుస్తుంది. శబ్దం 33 డెసిబెళ్లు తగ్గుతుందని పెట్టె మీద రాసి ఉన్నా, సరిగా కూర్చోకపోతే అందులో సగం కూడా దక్కదు. పూర్తి నిశ్శబ్దం ఎలాగూ రాదు. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది, కాకపోతే దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఒక జాగ్రత్త: అలారం శబ్దాన్ని నమ్ముకోకండి. నేను ఒకసారి దిగవలసిన స్టేషను దాటిపోయి, తెల్లవారుజామున తిరుగు రైలు కోసం రెండు గంటలు కూర్చున్నాను. అప్పటి నుంచి ఫోనును వైబ్రేషన్‌లో పెట్టి చొక్కా జేబులోనే ఉంచుకుంటున్నాను. ఫోము గట్టిపడినా, మురికిపట్టినా ఆ జత పారేయాలి. చెవి నొప్పిగా ఉన్నప్పుడు అసలు పెట్టుకోకూడదు.

కంటి మాస్కుల్లో రెండు రకాలు వాడాను. బల్లపరుపుగా ఉండేది రెప్పల మీద ఒత్తి, లేచేసరికి చూపు మసకగా అనిపించేది. ఇప్పుడున్నది కళ్ల దగ్గర దొప్పలా లోతుగా ఉంటుంది, దాని లోపల రెప్పలు హాయిగా కదులుతాయి. కొనేముందు ముక్కు దగ్గర సందు చూడండి. వెలుతురు దూరేది అక్కడి నుంచే. ఎలాస్టిక్ ఏడాదిన్నరకే సాగింది, చిన్న ముడి వేసుకుని నెట్టుకొస్తున్నాను.

మెడ దిండు విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. ఫోముతో చేసిన పెద్ద దిండును ఏడాది పాటు సంచికి వేలాడదీసుకుని తిరిగాను. మెడ వెనుక మందంగా ఉండి తలను ముందుకు నెట్టేది. దాన్ని తిప్పి, మందమైన భాగం గడ్డం కిందికి వచ్చేలా పెట్టుకున్న రాత్రి మొదటిసారి సరిగా నిద్రపట్టింది. తర్వాత గాలి ఊదుకునే రకానికి మారాను. మడిస్తే గుప్పెట్లో ఇమిడిపోతుంది. పూర్తిగా ఊదితే రాయిలా ఉంటుంది, మూడు వంతుల్లో రెండు వంతులు చాలు. మన్నిక మాత్రం తక్కువ. మూత దగ్గర గాలి కారి ఇప్పటికి రెండు పోయాయి, వాడుతున్నది మూడోది.

పలుచని నూలు తువ్వాలు ఒకటి చాలు, పది పనులు చేస్తుంది. కప్పుకోవచ్చు, కిటికీకి అడ్డం కట్టవచ్చు, మాసిన దిండు మీద పరుచుకోవచ్చు. విమానంలో గాలి తేమ సాధారణంగా 20 శాతం లోపే ఉంటుంది, గొంతు ఎండిపోతుంది. ముక్కు మీదికి తువ్వాలు లాక్కుంటే కొంత ఉపశమనం. మైక్రోఫైబర్ తువ్వాలు త్వరగా ఆరుతుందని కొన్నాను. తడిగా మడిచిపెట్టిన ఒక్క పూటకే వాసన పట్టింది. మళ్లీ నూలుకే వచ్చాను.

పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్‌ది, అంటే దాదాపు 37 వాట్ అవర్లు. విమానాల్లో 100 వాట్ అవర్ల వరకు మామూలుగా అనుమతిస్తారు, అదీ చేతి సంచిలోనే. లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే సామాను గదిలో ఎవరూ చూడలేరు, మనుషులున్న చోటైతే వెంటనే ఆర్పవచ్చు. కొత్తలో నా ఫోనును రెండుసార్లు నింపేది, నాలుగేళ్లు గడిచాక ఒకసారి నింపి ఇంకొంచెం ఇస్తోంది. కొంచెం ఉబ్బినట్టు కనిపించినా వాడకం ఆపేయాలి.

ఇక పిన్నీసులు. నాలుగైదు ఉంటే చాలు. బెర్తు తెర సందులోంచి నడవలోని దీపం నేరుగా ముఖం మీద పడుతుంటే రెండు పిన్నీసులతో ఆ సందు మూసేస్తాను. జిప్పు ఊడిన రోజు సంచిని ఇంటిదాకా చేర్చిందీ అవే.

ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఎప్పుడూ ఉంటాయి. పొట్లం మీద ఎంత నీరని రాసి ఉంటే అంతలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. రుచి కోసమని నీళ్లు తగ్గిస్తే ఉప్పు మోతాదు పెరిగి మేలుకు బదులు కీడు జరుగుతుంది.

తీసేసినవాటిలో మొదటిది మడతకత్తి, విమానాశ్రయం తనిఖీలో పోయింది. రెండోది అన్ని దేశాలకూ పనికొచ్చే బరువైన అడాప్టర్. అది పిన్నుల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజి మార్చదు. ఛార్జర్ మీద 100–240 వోల్టులని ఉంటే చిన్న అడాప్టర్ సరిపోతుంది. షాంపూ సీసాలు మాత్రం ఉంచుకున్నాను, చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్లు దాటనివ్వరు కాబట్టి చిన్నవే. పైకి వెళ్లాక విమానం లోపలి పీడనం తగ్గుతుంది, సీసాలోని గాలి వ్యాకోచించి ద్రవాన్ని బయటికి తోస్తుంది. ఆ సంగతి తెలియక ఒకసారి కాగితాలన్నీ తడుపుకున్నాను. ఇప్పుడు సీసాను నొక్కి గాలి తీసేసి మూత బిగిస్తాను, పైన జిప్పు కవరు వేస్తాను.

ఇంటికి రాగానే బట్టల కంటే ముందు ఈ సంచినే విప్పుతాను. తువ్వాలు ఉతుకులో, పవర్ బ్యాంకు ఛార్జింగ్‌లో, కొత్త ఇయర్‌ప్లగ్గుల జత లోపల. తువ్వాలు ఆరగానే సంచి జిప్పు వేసి తలుపు పక్కన కొక్కేనికి తగిలిస్తాను.