‘టక్’ మనే గేటు: జున్నుతో రెండేళ్ల పైన వాడాక

తలుపు తీస్తే చాలు వీధిలోకి దూకే మా కుక్క జున్ను కోసం 2023 జూన్‌లో ఈ బేబీ గేటు కొన్నాను. పసిపిల్లలు మెట్ల మీద పడకుండా పెడతారే, అదే. గోడకి చిల్లులు పెట్టే పనిలేదు, రెండు పక్కలా మరలు తిప్పితే ద్వారబంధానికి బిగుసుకుంటుంది. ఎత్తూ వెడల్పూ అమ్మేవాళ్ల పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను చెప్పేది దాని చప్పుడు గురించి.

తీసి వదిలేస్తే దానంతటదే వెనక్కొచ్చి ‘టక్’మని పడుతుంది. చేతుల్లో కూరగాయల సంచులుంటే వెనక్కి తిరిగి మూసే పనిలేదు. మొదటి నెలలోనే ఒక వింత చూశా. టక్‌మనగానే జున్ను చతికిలబడేది. నేనేమీ నేర్పలేదు. ‘మా కుక్కకి గేటే పంతులు’ అని వీధంతా చెప్పుకున్నా, ఇద్దరి చేత కొనిపించా కూడా. ఆ మాటలో ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి.

మాది నెల్లూరు. మినీ బైపాస్‌కి దగ్గర్లో ఇల్లు, తాత కట్టించింది. టేకు గుమ్మం. అమ్మ ప్రతి శుక్రవారం గడప కడిగి, పసుపు రాసి బొట్లు పెడుతుంది. గేటు కిందివైపు రబ్బరు బిళ్లలు రెండూ సరిగ్గా ఆ పసుపు మీదే ఆనుకుని ఉన్నాయి. వారం వారం నీళ్లు, తడి పసుపు. వెంట్రుకవాసి చొప్పున జారుతూ వచ్చాయి. చట్రం వదులైతే గేటుకీ లాక్‌కీ మధ్య సందు పెరుగుతుంది. చూడ్డానికి మూసుకున్నట్టే ఉంటుంది, టక్ మాత్రం రాదు. నేను గమనించలేదు. గమనించాల్సినవాళ్లు గమనించారు.

పోయినేడు వరలక్ష్మీ వ్రతం నాటి సాయంత్రం. పేరంటాళ్లు వస్తూ పోతూ ఉన్నారు, నేను హాల్లో శనగలు పొట్లాలు కడుతున్నా. జున్ను సోఫా కింద పడుకుని ఉంది. వాయనం తీసుకుని ఒకావిడ గేటు తీసుకుని వెళ్లింది. గేటు తెరిచినప్పుడు జున్ను కదల్లేదు. అది వెనక్కొచ్చి ఆగింది, చప్పుడు లేదు. జున్ను చెవులు నిక్కబొడుచుకుంది. తీరిగ్గా లేచి, వెళ్లి, ముక్కుతో ఒక్క తోపు తోసి మాయం. దానికి వంటబట్టింది ఏమిటో నాకప్పుడు తెలిసింది. టక్ అంటే కూర్చోవాలని కాదు, ఇక లాభం లేదని. టక్ లేదంటే దారి ఉందని. ఏడాది పైగా అది లాక్‌ని వింటోంది, నన్ను కాదు.

పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ‘జున్నూ’ అని వీధిలో పరిగెత్తా. అది ఆగి, తోక ఊపి, ఇంకో పది గజాలు పోతుంది. బైపాస్ మీద లారీల హారన్లు వినపడుతున్నాయి. ఎదురింటి పెద్దామె అరుగు మీంచి, ‘నువ్వట్టా ఎంటబడితే అది ఇంకా పోతాది గదమ్మాయ్, ఉండు!’ అని ఒకటే అరుపు. మా పాప ఏమనుకుందో, వెనక్కి తిరిగి చప్పట్లు కొడుతూ ఇంటివైపు పరుగెత్తింది. జున్ను నిలబడి చూసింది. ఆట అటు మళ్లిందనుకుందేమో, పాప వెనకే ఇంట్లోకొచ్చింది. నా చెయ్యి లేచింది గానీ ఆపుకున్నా. వచ్చినందుకు దెబ్బలు తింటే మళ్లీ పిలిస్తే ఎందుకొస్తుంది?

మరుసటి రోజు సొరుగంతా వెతికితే గేటుతో పాటు వచ్చిన బిళ్లగిన్నెలు (రబ్బరు బిళ్లలు జారకుండా గుమ్మానికి బిగించే చిన్న గిన్నెలు), స్క్రూలు దొరికాయి. ‘గుమ్మానికి చిల్లులా’ అని కొన్నప్పుడు మేమే పక్కన పడేశాం. కింది రెండూ వడ్రంగి చేత బిగించాక టక్ తిరిగొచ్చింది. కాబట్టి తప్పు సగం మాదే.

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. జున్ను గొలుసు కిటికీ ఊచకి కట్టి, అది గడప ఇవతల కూర్చుంటే తలుపు జానెడు తెరవడం. పిర్ర లేస్తే మూసేయడం, తిట్టకుండా. కూర్చుని ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. తలుపు తెరుచుకోవడమే దానికి కూలి, పైన అప్పుడప్పుడు ఉడికించిన చికెన్ ముక్క. నాలుగైదు రోజులకి తగ్గకపోగా ఎక్కువైంది, మొరగడం, తలుపు గీకడం. వదిలేద్దామనుకున్నా. పట్టుబడితే తర్వాత దానంతటదే చల్లారింది. రెండు నెలలకి తలుపు బార్లా తీసినా ‘పద’ అనేదాకా కూర్చుంటోంది.

ఈ బుద్ధి నా దగ్గరా, పాప దగ్గరా మాత్రమే. అమ్మ దగ్గర దాని ఆటలు సాగుతాయి, ‘పోనీలే పాపం’ అంటుంది గదా. ఇక ఎదురింట్లో కుళాయి దగ్గర చేపలు తోముతుంటే ఎవరి మాటా చెల్లదు, అప్పుడు గేటే దిక్కు.

మాది 13 కిలోల ఊరకుక్క, గెంతడం అలవాటు లేదు. మీది లాబ్రడార్ అయితే ఈ గేటుని నమ్ముకోమని చెప్పలేను. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకోటి, కింద ఇనుప పట్టీ అడ్డంగా ఉంటుంది, గడప పక్కన ఇంకో గడపలాగా. అమ్మ కాలు రెండుసార్లు తట్టుకుంది. ఎర్ర టేపు అంటించా.

గుమ్మానికి స్క్రూలు కొట్టడానికి ఇంట్లో ఒప్పుకుంటే కొనుక్కోండి. అద్దె ఇల్లయితే ఆలోచించుకోండి. పైన రెండు బిళ్లలూ మాకింకా స్క్రూలు లేకుండానే ఉన్నాయి, అందుకని శనివారం పొద్దున్నే మరలు ఓసారి తిప్పి చూసుకుంటున్నా. శుక్రవారం పసుపు తగ్గించమని అమ్మకి చెప్పే ధైర్యం నాకు లేదు.