పరుల బేరంలో అడ్డుపుల్ల వేయరాదన్న నియమం: ఆరేళ్ల వాడకం తర్వాత

కర్నూలులో ఫొటో స్టూడియో నడుపుకుంటూ, ఆరేళ్లుగా ఒక ఆన్‌లైన్ మార్కెట్‌లో పాత ఫిల్మ్ కెమెరాలు, లెన్సులు కొంటూ అమ్ముతున్నాను. అక్కడి నియమాల్లో నేను బాగా ఎరిగినది, ఇతరుల బేరంలో మూడో మనిషి తలదూర్చరాదన్నది. కొనేవారికి సందేశం పంపి అమ్మకందారుపై అనుమానం రేపడం, అదే వస్తువును తక్కువకు ఇస్తానని పక్కకు పిలవడం, రెండూ నిషేధమే. ఈబేలోనూ ఇటువంటి నియమం ఉంది. 2018లో దాని భారతీయ సైటు మూతపడేదాకా అక్కడ కొన్న నాకు ఇది కొత్తేమీ కాదు.

అయినా రెండో ఏడు తప్పు చేశాను. ఒక 50 మి.మీ. లెన్సు ప్రకటనలో గాజు శుభ్రంగా ఉందని రాశారు గానీ, మూడో ఫొటోను పెద్దది చేసి చూస్తే వెనక గాజు అంచున సాలెపోగుల్లాంటి తెల్లని తీగలు కనిపించాయి. అది ఫంగస్. చెమ్మలో మూసిపెట్టిన లెన్సులకు పడుతుంది. ముదిరితే గాజుపై పూతనే తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. ప్రకటన కింద ప్రశ్న అడిగిన ఒకరికి ఈ సంగతి రాశాను. మర్నాడే నా ఖాతాను 7 రోజులు నిలిపివేశారు. నిజం చెప్పినందుకు శిక్షా అని ఒళ్లు మండింది.

మా తాత మాత్రం నవ్వాడు. ఎద్దుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరమాడుతుంటే, పక్కనున్నవాడు నోరు విప్పకూడదట.

నాలుగో ఏడు నా యాషికా కెమెరాను వేలానికి పెట్టినప్పుడు, దాని షట్టర్ చెడిందని, తన దగ్గర వెయ్యి తక్కువకు దొరుకుతుందని ఎవరో కడప కొనుగోలుదారుకు రాశారు. ఆయన ఆ సందేశాన్ని నాకే పంపారు. షట్టర్ లక్షణంగా పనిచేస్తోంది. నా హెచ్చరికా, ఈ అబద్ధమూ కంపెనీ కంటికి ఒకే రకం సందేశాలని అప్పుడు అర్థమైంది.

లోపమంతా అమలులో ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ అబద్ధపు సందేశంపై నేను చేసిన ఫిర్యాదుకు రసీదు వేళకే వచ్చింది, నిర్ణయం 23వ రోజున వచ్చింది. చట్టప్రకారం సరే, కానీ 7 రోజుల వేలానికి అది పెళ్లయ్యాక మోగిన బాజా. నా లెక్కలో నియమానికి ఐదింట నాలుగు, అమలుకు రెండు.

ఆ ఫంగస్ లెన్సు కొన్నాళ్లకు మళ్లీ అమ్మకానికి వచ్చింది. అవే ఫొటోలు, మూడోది తప్ప. ఈసారి ఎవరికీ ఏమీ రాయలేదు. దాచుకున్న పాత ఫొటోను జతచేసి ఫిర్యాదు బటన్ నొక్కాను.