పీపాలో పండిన నల్లని లాగర్ కోసం చిత్తూరు నుంచి బెంగళూరుకు

మా బావ చిత్తూరు చుట్టుపక్కల గానుగల్లో బెల్లం వండించి మండీకి వేసే మనిషి. పాకం ముదురుతున్నప్పుడు లేచే ఆవిరి వాసనను బట్టి పెనం దించాల్సిన క్షణాన్ని చెప్పగలడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న వాళ్ల అబ్బాయి, అక్కడ ఒక పబ్బులో సొంతంగా కాచిన నల్లని లాగర్ బీరును విస్కీ ఖాళీ చేసిన ఓక్ చెక్క పీపాలో ఆరు నెలలు నిలవ ఉంచి ఆ వారమే కుళాయికి ఎక్కిస్తున్నారని ఫోనులో చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి బావకు కుదురు లేకపోయింది. సంక్రాంతి దాటిన మరుసటి వారం, గానుగ పనిని రెండు రోజులు తమ్ముడికి అప్పగించి, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. అదే దారిలో, అదే పని మీద వెళ్లదలచిన వారికి ఉపయోగపడుతుందని ఈ ప్రయాణంలో మేము చూసిన బసలను, తాగిన చోట్లను, అందిన సేవలను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కారు ఉన్నా బస్సులోనే వెళ్లాము. తాగడానికి వెళుతూ కారు తీయడం తగదన్నది మా ఇద్దరి నిశ్చయం. చిత్తూరు నుంచి బెంగళూరు దాదాపు నూట ఎనభై కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులో నాలుగు గంటలకు పైగా పట్టింది. బంగారుపాళెం దాటి మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు చలి తగిలింది. పలమనేరులో టీ తాగాము. ముళబాగిలులో బస్సు పావుగంట ఆగితే, ఒక పక్క మాత్రమే కాల్చి నేతితో ఎర్రగా దించే అక్కడి మందపాటి దోసెను చెరొకటి తిన్నాము. కడుపు నిండా తినలేదు. ఆ పూట నాలుకను తేలికగా ఉంచుకోవాలని అనుకున్నాము. బస్సు మెజెస్టిక్ చేరే దాకా కూర్చోకుండా కె.ఆర్. పురం వద్ద దిగి ఊదారంగు మెట్రో ఎక్కితే నాలుగో స్టేషనే మేము దిగాల్సిన ఇందిరానగర్. ఊరి రద్దీలో కనీసం గంట సేపు బస్సులో మగ్గే బాధ తప్పింది కాబట్టి, ఈ మార్గాన్ని ఎవరికైనా నిస్సంకోచంగా చెబుతాను.

బస విషయంలో మాత్రం దెబ్బ తిన్నాము. ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టి తీసుకున్న గది చూడడానికి శుభ్రంగానే ఉంది. పరుపు, స్నానాల గది, వేడినీళ్లు దేనికీ వంక పెట్టలేము. అయితే తలుపు తీయగానే మల్లెపూల సెంటు వాసన గుప్పున కొట్టింది. గోడకు బిగించిన చిన్న యంత్రం పది నిమిషాలకొకసారి దాన్ని చిమ్ముతూనే ఉంది, నేల మీద ఫినాయిలు వాసన వేరు. మామూలు ప్రయాణికుడికి ఇది లోపమే కాదు, కొందరికి ఇష్టం కూడా కావచ్చు. వాసన చూడడానికే అంత దూరం వచ్చిన వాళ్లకు మాత్రం అది ముక్కు మూసివేసినట్టే అయింది. యంత్రం ఆపమని అడిగితే, అది తమ చేతిలో లేదని కౌంటరులోని అబ్బాయి చెప్పాడు. గది మార్చమంటే అన్నింటిలోనూ అదే ఉందన్నాడు. సగం డబ్బయినా వెనక్కి ఇవ్వమన్న మాట వినిపించుకోలేదు. గంట తరువాత హలసూరు వైపు ఒక సందులో, పాత ఇంటిని గదులుగా మార్చిన చిన్న వసతిగృహానికి మారాము. గోడకు సున్నం, కిటికీకి దోమతెర, బకెట్టు నీళ్లు, అంతకు మించి ఏమీ లేదు. గదిలో ఉతికిన దుప్పట్ల వాసన తప్ప మరే వాసనా రాలేదు. అద్దె మొదటి దానిలో సగం. మళ్లీ వెళితే నేరుగా అక్కడికే వెళతాము.

ఇక అసలు విషయం. లాగర్ అనే మాట జర్మన్ భాషలో నిలవ ఉంచడం అనే అర్థం నుంచి వచ్చింది. పులియబెట్టే ఈస్టు అడుగుకు చేరి, ఎనిమిది నుంచి పదమూడు డిగ్రీల చల్లదనంలో నిదానంగా పని చేస్తుంది. ఆ తరువాత బీరును దాదాపు గడ్డకట్టే చలిలో వారాల తరబడి కదపకుండా ఉంచుతారు. వేడిలో త్వరగా పులిసే బీర్లలో వచ్చే పండ్ల వాసనలు ఇందులో దాదాపు ఉండవు. అందుకే గింజ రుచి దాపరికం లేకుండా తెలుస్తుంది. మన ఇళ్లలో రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి మాల్టు పిండి చేసుకుంటాము కదా. బార్లీకి చేసేదీ అదే, వేపు ఎంత అన్న దాన్ని బట్టి రంగూ రుచీ మారతాయి. 1842లో చెక్ దేశపు ప్ల్జెన్‌లో లేత బంగారు రంగు లాగర్ పుట్టి లోకమంతా పాకడానికి ముందు, జర్మనీలోని బవేరియా వాళ్లు రోజూ తాగిన లాగరు ముదురు గోధుమ రంగుదే. ప్రాగ్ నగరంలో 1499 నాటిదని చెప్పుకునే ఊ ఫ్లెకూ అనే సారాయి ఇల్లు ఇప్పటికీ నల్లని లాగర్‌కే పేరుపొందింది. ఈ సంగతి చెప్పినప్పుడు బావ, మన మండీలో కూడా ఇంతే అన్నాడు. బెల్లం తెల్లగా ఉంటేనే ధర పలుకుతుంది కాబట్టి హైడ్రోస్ అనే రసాయనం కలిపి రంగు విరిచే వాళ్లు పెరిగారు, అసలు పాకం రంగు తెలిసిన కొనుగోలుదారులు తగ్గారు. ఆ బాధ ఆయనకు నిజంగా ఉంది.

పీపా సంగతి మరొకటి. పాతకాలపు లాగర్ పీపాలకు లోపల తారు లాంటి జిగురు పూసేవారు. చెక్క రుచి బీరుకు అంటకూడదన్నదే దాని ఉద్దేశం. ప్ల్జెన్ సొరంగాల్లో ఈనాటికీ కొంత బీరును అలాంటి పీపాల్లోనే పులియబెట్టి, వడకట్టకుండా సందర్శకులకు పోస్తారు. ఇప్పటి పీపా బీర్లు దానికి పూర్తిగా ఎదురు దారిలో నడుస్తాయి. అమెరికాలో బర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే నిలవ ఉంచాలని చట్టం చెబుతుంది కాబట్టి, ఒకసారి వాడిన పీపాలు బర్బన్‌కు మళ్లీ పనికిరావు. సుమారు రెండు వందల లీటర్లు పట్టే ఆ పీపాలను ఇతర విస్కీల వాళ్లు, బీరు కాచేవాళ్లు కొనుక్కుంటారు. కాలిన ఓక్ చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం నుంచి వెనిల్లా వాసన, మరికొన్ని పదార్థాల నుంచి కొబ్బరి వాసన, చెక్క నుంచి ఒగరు, వెనుకటి విస్కీ నుంచి ఘాటు బీరులోకి దిగుతాయి. చిక్కని స్టౌట్ బీరు ఈ బరువును సులువుగా మోస్తుంది. లాగరు అలాంటిది కాదు, నెమ్మదైన పానీయం. పీపాలో నాలుగు వారాలు ఎక్కువైతే చెక్క తప్ప బీరు మిగలదు.

మధ్యాహ్నం మూడింటికి, అబ్బాయి చెప్పిన పబ్బుకు చేరాము. పెద్ద హాలు, గోడ పొడవునా రాగి తొట్టెలు, చెవులు హోరెత్తే సంగీతం. వడ్డించే కుర్రవాడు మర్యాదస్తుడే. ఆ బీరు గురించి అడిగితే మాత్రం స్ట్రాంగుగా ఉంటుంది సార్ అన్న ఒక్క మాటతో ముగించాడు. తెచ్చినది ఫ్రీజరులో పెట్టిన దళసరి మగ్గులో, పైన మంచు పొర కట్టి ఉంది. ఒక గుక్క తాగి బావ నా ముఖం చూశాడు. చల్లటి చేదు నీళ్లలా ఉంది, వాసన అసలు లేదు. నాకు కూడా ఇంత దూరం దీని కోసమా అనిపించింది. మామూలు గాజు గ్లాసు రెండు తెప్పించుకుని, మగ్గులోనిది వాటిలోకి వంచి, అరచేతులతో పట్టుకుని కూర్చున్నాము. ఇరవై నిమిషాల్లో రెండుసార్లు వచ్చి, సార్ వేడెక్కిపోతుంది, కొత్తది తెమ్మంటారా అని ఆ కుర్రవాడు అడిగాడు.

అరగంటకు ఆ బీరు మారిపోయింది. దీపానికి ఎదురుగా పట్టి చూస్తే నల్లగా కనిపించినది అంచుల్లో దానిమ్మ గింజ ఎరుపు చూపింది. మొదట వేయించిన రాగుల వాసన, దాని వెనుక వేరుశనగ పొట్టు మాడినప్పటి వాసన, ఇంకా లోపల ఏదో తీపి. బావ కళ్లు మూసుకుని గ్లాసును ముక్కు దగ్గర చాలాసేపు ఉంచి, “మన గానుగ కాడ ఆఖరి పెనం దించేటప్పటి ఆవిరి మాదిరే ఉండాది చూడు బావా, అడుగంటే ముందు వాసన” అన్నాడు. నాకు అది పాత చింతపండు నల్లబడినప్పటి తీపి పులుపుగా తోచింది. తాగిన తరువాత నాలుక మీద పలుచని ఒగరు మిగిలింది. తాటి ముంజె తొక్క కొరికితే తగిలేటంత, అంతకు మించి లేదు. విస్కీ ఘాటు గొంతులో కాక ముక్కులో మాత్రమే, అదీ చివరన వచ్చింది. వెనిల్లా ఉందని తెలుస్తుంది, వెనిల్లానే ఉందనిపించదు. పీపాను సరైన రోజున ఖాళీ చేసిన చేతికి దణ్ణం పెట్టాలనిపించింది. ఇంత శ్రద్ధగా కాచిన దానిని గడ్డకట్టిన మగ్గులో పోసి పంపడం కాచినవాడికి చేసే అన్యాయమని, బిల్లు కట్టేటప్పుడు మేనేజరుకు నెమ్మదిగా చెప్పాము. ఆయన రాసుకున్నాడు. నంజుకోవడానికి ఇచ్చిన మసాలా వేరుశనగలను ముట్టకపోవడమే మంచిది. కారానికి నాలుక మొద్దుబారుతుంది.

సాయంత్రం రెండో చోటికి వెళ్లాము. ఇది చిన్నది, పది బల్లలకు మించవు, మాట వినిపించేంత నిశ్శబ్దం. వడ్డించిన అమ్మాయి మాది చిత్తూరని తెలియగానే తెలుగులో మాట్లాడింది, ఆమెది కోలారు. ఏమీ అడగకముందే ఒకే నల్లని లాగర్‌ను రెండు చిన్న గ్లాసుల్లో, పీపాలోకి వెళ్లనిది ఒకటి, నాలుగు నెలలు పీపాలో ఉన్నది ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టింది. గ్లాసులు చల్లగా లేవు, బీరు మాత్రం కుండ నీళ్లంత చల్లగా ఉంది. ఉప్పు లేని బిస్కెట్లు, మంచినీళ్లు తెచ్చి, మొదట పీపాకు వెళ్లనిది తాగండి అంకుల్ అని చెప్పి పక్కకు తప్పుకుంది. సేవ అంటే ఇంత బాగా ఉండగలదని నేను అనుకోలేదు.

అయినా ఒప్పుకోవలసిన మాట ఒప్పుకోవాలి. పీపాలోకి వెళ్లని బీరు ఎంతో బాగుంది, రొట్టె పెచ్చు వాసనతో, శుభ్రమైన ముగింపుతో. పీపాలో నిలవ ఉన్నది మాత్రం చెక్కకు లొంగిపోయింది. మొదటి గుక్కకే కొబ్బరి, వెనిల్లా ముందుకు దూకి, కొత్త టేకు బీరువా తలుపు తీసినట్టు అనిపించింది. ఒగరు నాలుక వెనుక పట్టుకుని వదలలేదు. గింజ రుచి కోసం వెతుక్కోవలసి వచ్చింది. బావ తన గ్లాసు పూర్తి చేయలేదు. ఆ అమ్మాయి కారణం అడిగితే ఉన్న మాట చెప్పాము. తమ పీపా తొలిసారి బీరుకు వాడినదని, రెండోసారి నింపినప్పుడు చెక్క తగ్గుతుందని ఆమె వివరించింది. సబబుగానే ఉంది.

కాబట్టి వెళ్లేవారికి నా మాట ఇది: పీపా లాగర్ కోసమే అయితే మొదటి చోటికి, సంగీతం తక్కువగా ఉండే మధ్యాహ్నం వేళ వెళ్లి, కూర్చోగానే ఫ్రీజరు మగ్గు వద్దని చెప్పాలి. లాగర్ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునే కొత్తవారు ముందు రెండో చోటికి వెళ్లడం మేలు. ఒకే పూట రెండూ చూడాలంటే చిన్న గ్లాసులకే పరిమితం కావాలి. పీపా బీరు మామూలు దానికంటే బలమైనది, నెమ్మదైన రుచి ఆ బలాన్ని కప్పిపుచ్చుతుంది. సరిహద్దు దాటించి మద్యం తేవడం చట్టంతో చిక్కు కాబట్టి ఏదీ వెంట తెచ్చుకోలేదు.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోవలసినదేమీ లేదు, బస్సులో ఇద్దరమూ నిద్రపోయాము. చిత్తూరులో దిగాక బావ ఇంటికి వెళ్లనివ్వకుండా నన్ను నేరుగా గానుగ దగ్గరికి తీసుకుపోయాడు. చెరకు పిప్పి మంట మీద ఆ రోజు ఆఖరి పెనం ఉడుకుతోంది. దించే వేళకు ఆవిరిలోకి వంగి ఇద్దరమూ వాసన చూశాము. వేపు ఉంది, తీపి ఉంది, ఆ ఎర్రటి పులుపు కూడా ఉంది. పీపా చెక్క ఒక్కటే లేదు. పాకం అచ్చుల్లోకి పోశాక పెనం అంచుకు అంటుకుని నల్లబడిన చెక్కును బావ గరిటెతో గీకి, అరిటాకు ముక్కలో నా చేతికిచ్చి, వెంటనే నోట్లో వేసుకోవద్దన్నాడు. అది చల్లారేదాకా పొయ్యి పక్కనే నిలబడ్డాము.