చూసిన సినిమాల లెక్క ఎక్కడ రాసుకోవాలి: నోట్‌బుక్కా, షీటా, లెటర్‌బాక్స్‌డా?

మొన్న మా అక్క ఫోన్ చేసి "ఘర్షణ చూశావా నువ్వు?" అంది. "ఏ ఘర్షణ?" అన్నాను. మణిరత్నం 1988లో తమిళంలో తీసిన అగ్ని నక్షత్రం మనకు ఘర్షణ పేరుతోనే వచ్చింది. 2004లో వెంకటేష్ పోలీసు ఆఫీసరుగా చేసిందీ ఘర్షణే. నా పాత నోట్‌బుక్ తీసి వెతికాను. "ఘర్షణ, బాగుంది" అని ఒక లైను దొరికింది. సంవత్సరం లేదు, తేదీ లేదు. రెండింట్లో ఏది బాగుందో నా రాతే నాకు చెప్పలేకపోయింది.

నేను చాలా ఏళ్లుగా చూసిన ప్రతి సినిమా రాసుకుంటున్నాను. మొదట నోట్‌బుక్‌లో, తర్వాత ఒక ఫోన్ యాప్‌లో, ఇప్పుడు గూగుల్ షీట్‌లోనూ, లెటర్‌బాక్స్‌డ్ అనే సినిమా డైరీ సైట్‌లోనూ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది మేలని అడుగుతుంటారు కాబట్టి, నాకు అనుభవంలో తెలిసింది చెప్తాను.

నోట్‌బుక్ సంగతి ముందు. దానిలో ఉన్నది ఇంకెక్కడా ఉండదు. నా నోట్‌బుక్‌లో శంకరాభరణం దగ్గర "నాన్నతో, టీవీలో. చివర్లో కరెంటు పోయింది. మిగతా కథ నాన్న చెప్పాడు" అని ఉంది. సినిమా గురించి ఒక్క ముక్క లేదు, కానీ ఆ సాయంత్రం మొత్తం ఉంది. నలుగురూ చదివే యాప్‌లో ఇలాంటిది రాయబుద్ధి కాదు. అక్కడ మనకు తెలియకుండానే ఎదుటివాళ్ల కోసం రాస్తాం, స్టార్లు కూడా వాళ్ల కోసమే వేస్తాం. పుస్తకంలో ఆ ఇబ్బంది లేదు. టికెట్లు కూడా అంటించుకోవచ్చు. ఒక జాగ్రత్త: ఇప్పుడు కౌంటర్లో ఇచ్చే మెషిన్ టికెట్ల మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. పాత రంగుకాగితం టికెట్లలా నిలవవు. అంటించిన రోజే పక్కన పెన్నుతో వివరాలు రాసెయ్యాలి.

నోట్‌బుక్‌తో కష్టమల్లా వెతకడమే. యాభై సినిమాల వరకు పర్వాలేదు. అయిదొందలు దాటాక "అమ్మతో చూసినవి ఏవి?" అంటే పేజీలన్నీ తిప్పాలి.

షీట్ ఆ పని అర నిమిషంలో చేస్తుంది. నా షీట్‌లో ఉన్న గడులు ఇవి: పేరు, విడుదలైన సంవత్సరం, చూసిన భాష, చూసిన తేదీ, ఎక్కడ, ఎవరితో, ఎన్నోసారి, ఒక మాట. వీటిలో సంవత్సరం, భాష రెండూ తెలుగువాళ్లకు తప్పనిసరి అంటాను. మన దగ్గర పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. దేవదాసు అంటే నాగేశ్వరరావుది 1953, కృష్ణది 1974, రామ్‌ది 2006. తొలిప్రేమ 1998లో ఒకటి, 2018లో ఒకటి. ఖుషి 2001లో ఒకటి, 2023లో ఒకటి. పేరొక్కటే రాసుకుంటే నా ఘర్షణ గతే.

భాష ఎందుకంటే, 1955లో మిస్సమ్మ తెలుగులో ఎన్టీఆర్‌తో తీశారు, అదే కథ తమిళంలో జెమినీ గణేశన్‌తో తీశారు. రెండింట్లోనూ సావిత్రే. అవి రెండు వేరే సినిమాలు. అదే అపరిచితుడు తమిళ అన్నియన్‌కి డబ్బింగ్, అంటే సినిమా ఒక్కటే, చూసిన భాష వేరు. ఈ తేడా మీ షీట్‌లో మీరు పట్టుకోవచ్చు. యాప్‌లలో డబ్బింగ్‌కి విడిగా పేజీ ఉండదు, మూలం పేజీ కిందే వేసుకోవాలి.

తేదీ రాసేటప్పుడు సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు రాయండి, 2024-03-15 లాగ. అప్పుడు వరుస తేలిగ్గా సరిపోతుంది. షీట్‌కి లోటు ఏమిటంటే, సెకండ్ షో చూసి ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ చిన్న గడులు నింపడం విసుగు. పొద్దున రాద్దాం అనుకుంటే మర్చిపోతాం.

అక్కడే లెటర్‌బాక్స్‌డ్ గెలుస్తుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 2011లో మొదలైన ఈ సైట్ సినిమా డైరీ కోసమే పుట్టింది. హాలు బయట బండి తీసేలోపు పేరు కొట్టి, తేదీ పెట్టి, అయిదుకి ఎన్ని స్టార్లో వేసెయ్యొచ్చు. అర స్టారు కూడా ఉంది. మళ్లీ చూస్తే మళ్లీ ఇంకో తేదీ పడుతుంది. మామూలు వాడకానికి డబ్బు కట్టక్కర్లేదు. లెక్కల పేజీ, ఏ ఓటీటీలో ఉందో చూసి వడపోసుకోవడం లాంటివి డబ్బు కట్టినవాళ్లకు.

జాబితాలు చెయ్యడంలో మాత్రం దీనికి సాటి నాకు కనబడలేదు. 2023 ఫిబ్రవరిలో కె. విశ్వనాథ్ గారు పోయినప్పుడు ఆయన సినిమాలన్నీ వరుసగా చూడాలనుకున్నాను, 1965 నాటి ఆత్మగౌరవం నుంచి 2010 నాటి శుభప్రదం వరకు. అక్కడ దర్శకుడి పేజీ తెరిస్తే నేను ఎన్నింటిలో ఎన్ని చూశానో చెప్తుంది. చూడనివి ఒక జాబితాగా పెట్టి, ఒక్కోదాని కింద ఎందుకు చూడాలో రెండు ముక్కలు రాసి అక్కకు పంపాను. తను చూసినవేవో, మిగిలినవేవో తనకు తన అకౌంట్‌లో తెలుస్తుంది. షీట్‌తో ఇంత సుఖంగా ఈ పని జరగదు.

ఇబ్బందులూ ఉన్నాయి. దీనిలో సినిమాల వివరాలు టీఎండీబీ అనే డేటాబేస్ నుంచి వస్తాయి. అక్కడ ఎవరైనా చేర్చవచ్చు, కాబట్టి ఎవరూ చేర్చని పాత తెలుగు సినిమాలు కనబడవు, ఉన్నా నటుల పేర్లు సగమే ఉంటాయి. ఇంగ్లిషు స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. "శంకర" అనేది ఎస్‌తో కొట్టాలా, ఎస్‌హెచ్‌తో కొట్టాలా? ఒకటి దొరక్కపోతే రెండోది ప్రయత్నించండి. లేని సినిమా ఉంటే టీఎండీబీలో అకౌంట్ తెరిచి మీరే చేర్చండి. నేను అలా చేర్చాను. మన సినిమాలు మనం చేర్చకపోతే ఇంకెవరు చేరుస్తారు?

సినిమా వివరాల సైట్ ఐఎండీబీ గురించి ఎక్కువ చెప్పను. 1990 నుంచీ ఉంది, 1998లో అమెజాన్ కొన్నది. ఎవరు ఏ వేషం వేశారో వెతకడానికి నేను ఇప్పటికీ అక్కడికే వెళ్తాను. రేటింగులు పదికి వేసుకోవచ్చు, జాబితాలూ చెయ్యొచ్చు. డైరీ రాసుకునే సుఖం మాత్రం తక్కువ. వెబ్ సిరీస్‌లు ఎక్కువ చూసేవాళ్లకు ట్రాక్ట్ అనే సైట్ మేలు, ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ గుర్తు పెట్టుకోవచ్చు.

నేను మధ్యలో వాడిన ఫోన్ యాప్ ఒకరోజు మూతబడింది. మూడేళ్ల లెక్క పోయింది. ఆ బాధ ఇంకా ఉంది, ఎందుకంటే వాటిలో కొన్ని నాన్నతో చూసినవి. అందుకే ఏ యాప్ ఎంచుకున్నా ముందు ఒక్కటే చూడండి: మీ లెక్క మొత్తం ఫైలుగా బయటికి తీసుకోనిస్తుందా? లెటర్‌బాక్స్‌డ్, ఐఎండీబీ రెండూ సీఎస్‌వీ ఫైలుగా, అంటే ఏ షీట్‌లోనైనా తెరుచుకునే మామూలు ఫైలుగా ఇస్తాయి. నేను మూడు నెలలకోసారి దించి పెట్టుకుంటాను.

కాబట్టి నా మాట ఇది. ఒక్కటే పెట్టుకునే ఓపిక ఉంటే లెటర్‌బాక్స్‌డ్. ఇంట్లోవాళ్లతో కలిసి సినిమాలు చూసే అలవాటుంటే దాంతోపాటు షీట్ తప్పదు, "ఎవరితో" అనే గడి కోసమైనా. పాత నోట్‌బుక్ ఉంటే పారెయ్యకండి. షీట్‌లోకి ఎక్కించేటప్పుడు తేదీ తెలియకపోతే ఖాళీగా వదిలెయ్యండి, ఊహించి వెయ్యకండి. షీట్ నుంచి సీఎస్‌వీ తీసి లెటర్‌బాక్స్‌డ్‌లోకి ఒకేసారి ఎక్కించవచ్చు. పేరు, సంవత్సరం, చూసిన తేదీ, రేటింగ్ గడుల పేర్లు మాత్రం ఆ సైట్ చెప్పినట్టు ఇంగ్లిషులో ఉండాలి.

ఘర్షణ సంగతి అక్కే తేల్చింది. 2004లో హాస్టల్ నుంచి తను వచ్చిన సెలవుల్లో ఇద్దరం కలిసి వెళ్లామట, ఇంటర్వెల్‌లో సమోసా కూడా తనే కొందట. షీట్‌లో ఆ వరుసలో 2004 అని, "అక్కతో" అని వేశాను. తేదీ ఖాళీ. 1988 నాటిది వాచ్‌లిస్ట్‌లో పెట్టాను, ఈ ఆదివారం ఇద్దరం చూస్తున్నాం.